నాలుగు సెంటీమీటర్ల మాంట్‌గొమరీ: బొమ్మకి యూనిఫాం తొడగడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన బ్రిటిష్ సేనాని మాంట్‌గొమరీకి నేను చేసిన మొదటి లెగో బొమ్మని చూసి మా బావ "ఈ పోస్ట్‌మ్యాన్ ఎవరు?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, ఛాతీ మీద రెండు జేబులు, నెత్తిన అంచున్న మామూలు టోపీ. భుజాల మీద ఫీల్డ్ మార్షల్ హోదా గుర్తుల కోసం నేను రెండు రాత్రులు కళ్లు పొడుచుకున్నాను కానీ, అవి కనిపించాలంటే భూతద్దం కావాలి. బావ చేతిలో భూతద్దం లేదు, టీ గ్లాసు ఉంది.

ఆ రోజు అర్థమైన సంగతి ఒకటే. లెగో ఆట సెట్లలో వచ్చే ప్లాస్టిక్ మనిషి బొమ్మ, అంటే మినీఫిగర్, ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. అంత చిన్న బొమ్మలో ఒక చారిత్రక వ్యక్తిని గుర్తుపట్టించేది మొహం కాదు, పతకాలు కాదు, టోపీ. మాంట్‌గొమరీ విషయంలో అయితే టోపీ మీద ఉన్న రెండు చుక్కలు. మిగతా పనంతా ఆ రెండు చుక్కల్ని చెడగొట్టకుండా చూసుకోవడమే.

ఈ సంగతి యుద్ధం రోజుల్లో బ్రిటిష్ గూఢచారి వర్గాలకీ తెలుసు. 1944 మే నెలలో, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి కొద్ది రోజుల ముందు, సైనికుల జీతాలు చూసే ఆర్మీ పే కోర్‌లో పనిచేస్తున్న క్లిఫ్టన్ జేమ్స్ అనే నటుడికి మాంట్‌గొమరీ వేషం కట్టి జిబ్రాల్టర్‌కీ, అక్కడి నుంచి అల్జీర్స్‌కీ పంపారు. దాడి ఇంకెక్కడో జరుగుతుందని జర్మన్లు అనుకోవాలని ఆ నాటకం. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ కాపర్‌హెడ్. జేమ్స్‌కి మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక వేలు పోయింది కాబట్టి దొంగ వేలు తయారు చేసి తగిలించారు. అసలాయన మందు, సిగరెట్ ముట్టడు కాబట్టి జేమ్స్ కూడా మానాల్సి వచ్చింది. మన బొమ్మతో ఆ బాధ లేదు. కొక్కెంలాంటి చేతులే తప్ప వేళ్లే లేవు.

ముందు తేదీ తేల్చుకోండి

చాలామంది విడిభాగాలు కొనడంతో మొదలుపెడతారు. నేనైతే తేదీతో మొదలుపెట్టమంటాను. "మాంట్‌గొమరీ యూనిఫాం" అని ఒకటేమీ లేదు. ఆయన ఏ రోజున ఏం వేసుకున్నాడన్నదే ఉంది.

1942 ఆగస్టులో ఈజిప్టు ఎడారిలో బ్రిటిష్ ఎనిమిదో సైన్యం పగ్గాలు అందుకున్నప్పుడు ఆయన లెఫ్టినెంట్ జనరల్. మొదట్లో ఆస్ట్రేలియా సైనికుల వెడల్పాటి టోపీ పెట్టుకుని, తాను వెళ్లిన ప్రతి దళం బ్యాడ్జీనీ దానికి గుచ్చుకుంటూ తిరిగాడు. తర్వాత ట్యాంకు సిబ్బంది పెట్టుకునే నల్ల బెరేకి, అంటే అంచు లేని మెత్తటి గుండ్రటి టోపీకి మారాడు. దాని మీద రాయల్ ట్యాంక్ రెజిమెంట్ బ్యాడ్జీ ఉంటుంది. దాని పక్కనే తన జనరల్ బ్యాడ్జీ కూడా పెట్టేసుకున్నాడు. ఒక టోపీకి రెండు బ్యాడ్జీలు ఉండటం సైన్యంలో కుదరని పని. కానీ దూరం నుంచే సైనికులు తనని పోల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. ఎల్ అలమీన్ యుద్ధం 1942 అక్టోబరు 23న మొదలైంది. ఆ కాలపు బొమ్మ అయితే బూడిద రంగు స్వెట్టరు, లేత రంగు కార్డురాయ్ ప్యాంటు, మెడలో బైనాక్యులర్. మొదటిసారి చేసేవాళ్లకి ఇదే తేలిక. పతకాల గొడవ లేదు, జేబుల గొడవ లేదు.

రెండోది 1944 వేసవి, నార్మండీ. మూడోది 1945 మే 4, జర్మనీలోని లూనెబర్గ్ హీత్. జర్మన్ ప్రతినిధులు ఒక గుడారంలో ఆయన ముందు కూర్చుని వాయవ్య జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్‌లలోని తమ సేనల లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన రోజు. అప్పటికి ఆయన ఫీల్డ్ మార్షల్. ఆ హోదా 1944 సెప్టెంబరు 1న వచ్చింది. ఒంటి మీద బ్యాటిల్‌డ్రెస్ అనే ఉన్ని యూనిఫాం, ఛాతీ మీద పతకాలకి బదులు కుట్టుకునే రిబ్బన్ల వరుసలు.

ఈ మార్గదర్శిలో నేను చేస్తున్నది మూడోది. ఇది వచ్చిందంటే మిగతా రెండూ మీకు మంచినీళ్లు తాగినంత సులువు.

ఒక హెచ్చరిక. తేదీలు కలిపేయకండి. స్వెట్టరు మీద ఫీల్డ్ మార్షల్ గుర్తులు, ఎడారి ఇసుక పక్కన లొంగుబాటు బల్ల పెడితే పది మందిలో తొమ్మిది మంది పట్టించుకోరు. పదోవాడు మాత్రం వదలడు. ఈ హాబీలో మనకి తగిలేది ఎప్పుడూ ఆ పదోవాడే.

ఫొటోలు చూసే పద్ధతి

ఆయన ఫొటోలకి కొదవ లేదు. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో చాలా ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఎడారిలో ఆయన వాడిన గ్రాంట్ ట్యాంకు కూడా ఆ మ్యూజియం దగ్గరే ఉంది. నలుపు తెలుపు ఫొటో చూసి రంగు ఊహించకండి. కొన్ని పాత ఫిల్ములు ఎరుపుని బాగా ముదురుగా చూపిస్తాయి. రంగు ఫొటో దొరికితే ఖాకీ ఛాయకి దాన్నే నమ్మండి. ఈ మధ్య కంప్యూటర్‌తో రంగులద్దిన పాత ఫొటోలు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిలో రిబ్బన్ల రంగులు చాలావరకు యంత్రం ఊహించినవే.

ఎదురు నుంచి ఒకటి, కాస్త పక్క నుంచి ఒకటి, టోపీ దగ్గరగా ఒకటి. ఈ మూడు చాలు. నలభై ఫొటోలు పోగేసుకుంటే పని మొదలవ్వదు.

విడిభాగాలు

మినీఫిగర్‌లో తల, మొండెం, రెండు చేతులు, రెండు అరచేతులు, నడుము, రెండు కాళ్లు ఉంటాయి. లెగో కంపెనీ ప్రపంచ యుద్ధ సైనికుల బొమ్మలు చేయదు కాబట్టి ఎక్కడెక్కడివో తెచ్చి అతకాలి. విడి ముక్కలకి అందరూ వెళ్లేది బ్రిక్‌లింక్ అనే వెబ్‌సైట్‌కి. విదేశాల నుంచి తెప్పిస్తే ముక్క ధర కంటే పోస్టేజీ ఎక్కువ పడుతుంది. అందుకే ముగ్గురు నలుగురు కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టడం మేలు.

టోపీ కోసం పెద్దగా వెతకక్కర్లేదు. 2010లో వచ్చిన సేకరణ బొమ్మల రెండో సిరీస్‌లో మూకాభినయం చేసే కళాకారుడి బొమ్మ ఒకటి ఉంది. ఆయన నెత్తిన ఉన్నది నల్ల బెరేయే. ప్యారిస్ వీధుల్లో మూగ వేషాలు వేసేవాడి టోపీ తీసి ఫీల్డ్ మార్షల్‌కి పెడుతున్నామన్నమాట.

మొండేనికి, చేతులకి రంగు ఎంచడం దగ్గర చాలామంది తికమక పడతారు. బ్యాటిల్‌డ్రెస్ బట్ట ముతక ఉన్ని. అది పసుపు ఖాకీ కాదు, మన పోలీసు ఖాకీ అసలే కాదు. గోధుమ రంగులో కాస్త ఆకుపచ్చ కలిసిన ఛాయ. లెగో రంగుల్లో అచ్చంగా అలాంటిది లేదు. డార్క్ టాన్, ఆలివ్ గ్రీన్ రెండూ దగ్గరగా వస్తాయి. నా ఓటు డార్క్ టాన్‌కి. ఆలివ్ గ్రీన్ వేస్తే బొమ్మ అమెరికన్ సైనికుడిలా కనిపిస్తుంది. చేతులు, కాళ్లు అదే రంగు. తల, అరచేతులు చర్మం రంగువి తీసుకోండి, పసుపువి కాదు. పసుపు తల పెడితే అది బొమ్మల ఊరి మనిషి అయిపోతుంది, చరిత్ర మనిషి కాదు.

ఏమీ ముద్రించని సాదా మొండెం దొరికితే అదృష్టం. దొరక్కపోతే ముద్ర ఉన్నదాన్ని తెచ్చి చెరపాలి. ఇత్తడి సామాన్లు తోమే బ్రాసో ఉంది కదా, దాన్ని కొంచెం దూదికి అంటించి ఓపిగ్గా రుద్దితే ముద్ర పోతుంది. పావుగంట పట్టొచ్చు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రావణం మాత్రం దగ్గరికి రానివ్వకండి. అందులోని అసిటోన్ ఈ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. మా ఇంట్లో ఒక మొండెం అలా కరిగి బెల్లం పాకంలా సాగింది.

లెక్క వేసుకుంటేనే గీత నిలుస్తుంది

ఇక్కడ కాసేపు ఆగాలి. అసలు పని ఇక్కడే ఉంది.

170 సెంటీమీటర్ల మనిషిని 4 సెంటీమీటర్లకి దించితే సుమారు నలభై రెండో వంతు. బ్రిటిష్ పతకాల రిబ్బన్ వెడల్పు మామూలుగా 32 మిల్లీమీటర్లు, అంటే బొమ్మ మీద మిల్లీమీటరులో మూడొంతులు. ఛాతీ మీద కుట్టే పట్టీ ఎత్తు పది మిల్లీమీటర్లు అనుకుంటే బొమ్మ మీద పావు మిల్లీమీటరు. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కల లేజర్ ప్రింటర్ వేసే ఒక్కో చుక్క 0.04 మిల్లీమీటర్లు. అంటే ఆ ఎత్తులో ఆరు చుక్కలు పడతాయి. ఆరు చుక్కల్లో ప్రింటర్ రంగులు కలపలేదు, బురద చేస్తుంది.

కాబట్టి మోసం చేయాలి. రిబ్బన్‌ని 0.9 మిల్లీమీటర్ల వెడల్పు, 0.5 మిల్లీమీటర్ల ఎత్తు చేయండి. ఎలాగూ మినీఫిగర్ ఛాతీ మనిషి ఛాతీ కంటే చాలా వెడల్పు, చెల్లిపోతుంది. ఇదే లెక్క బ్యాడ్జీలకీ వర్తిస్తుంది. నాలుగు సెంటీమీటర్ల బ్యాడ్జీ బొమ్మ మీద ఒక మిల్లీమీటరు కూడా రాదు. దాన్ని ఒకటిన్నర చేయండి. కంటికి ముఖ్యమైనది పెంచడం, ముఖ్యం కానిది పూర్తిగా తీసేయడం. సగం సగం చూపించడమంత దండగ పని ఇంకోటి లేదు.

వెర్నియర్ కాలిపర్‌తో మొండెం పై వెడల్పు, కింది వెడల్పు, ఎత్తు కొలవండి. మొండెం పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. ఆ ఆకారాన్ని ఇంక్‌స్కేప్‌లో అసలు కొలతకి పది రెట్లు పెద్దగా గీసుకుని, లోపల డిజైన్ వేయండి. ఇంక్‌స్కేప్ కంప్యూటర్‌లో గీతలు గీసే సాఫ్ట్‌వేర్, ఉచితం. పది రెట్లలో పనిచేస్తే కళ్లకి హాయి. కానీ ప్రతి పది నిమిషాలకీ ఒకసారి అసలు సైజుకి తగ్గించి చూస్తూ ఉండండి. పెద్ద స్క్రీన్ మీద అందంగా ఉన్న గుండీలు అసలు సైజులో ఈగ రెట్టల్లా కనిపిస్తాయి.

యూనిఫాం గీయడం

బ్యాటిల్‌డ్రెస్ అంటే నడుము దగ్గరే ఆగిపోయే పొట్టి కోటు. అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్ దీన్ని చూసి ముచ్చటపడే తన పొట్టి కోటు కుట్టించుకున్నాడు. పొట్టి కోటు కావడం మన అదృష్టం. మినీఫిగర్ మొండెం కూడా సరిగ్గా నడుము దగ్గరే ఆగుతుంది. పొడుగు కోటు అయితే కాళ్ల మీదికి కూడా డిజైన్ దించాల్సి వచ్చేది.

కింది అంచున ఒకటిన్నర మిల్లీమీటర్ల నడుము పట్టీ, దాని మీద ఒక పక్కన చిన్న బకిల్. ఛాతీ మీద మూతలున్న రెండు జేబులు. మెడ దగ్గర కాలర్ తెరుచుకుని లోపల చొక్కా, టై కనిపించాలి. చొక్కా మొండెం కంటే ఒక ఛాయ లేత, టై ఒక ఛాయ ముదురు. మడతల గీతలకి నలుపు వాడకండి. మొండెం రంగుకే రెండు ఛాయలు ముదురు గోధుమ చాలు. నల్ల గీతలు వేస్తే బొమ్మ పిల్లల కలరింగ్ పుస్తకంలోంచి లేచి వచ్చినట్టు ఉంటుంది.

కాలర్ మీద ఎర్ర పట్టీలు జనరల్ స్థాయి అధికారుల గుర్తు. మీరు ఎంచుకున్న ఫొటోలో కనిపిస్తేనే వేయండి, లేకపోతే వద్దు.

రిబ్బన్లు ఆయనకి ఎడమ ఛాతీ మీద, అంటే మనం చూస్తుంటే కుడివైపు. ఇది తప్పు వేసినవాళ్లని నేను చాలామందిని చూశాను, నాతో కలిపి. వరుసలో మొదటిది ఆయనకి సర్ బిరుదు తెచ్చిన కేసీబీ (నైట్ కమాండర్ ఆఫ్ ది బాత్), పూర్తిగా ముదురు ఎరుపు. 1942 నవంబరులో వచ్చింది. రెండోది డీఎస్ఓ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్), ఎరుపుకి రెండు అంచుల్లో నీలం. అది 1914 నాటిది. బెల్జియం సరిహద్దు దగ్గర మెటరెన్‌లో ఊపిరితిత్తిలోంచి తూటా దూసుకుపోయి చావు అంచుల దాకా వెళ్లినప్పుడు ఇచ్చారు. తర్వాత 1914 స్టార్, ఎరుపు తెలుపు నీలం. ఆ తర్వాత బ్రిటిష్ వార్ మెడల్, మధ్యలో నారింజ, అంచుల్లో నీలం. ఆ రెండు రంగులకీ నడుమ ఉండే తెలుపు, నలుపు సన్న చారల్ని ఈ సైజులో వదిలేయండి. ఆపైన విక్టరీ మెడల్, మధ్యలో ఎరుపుతో రెండు ఇంద్రధనుస్సులు అంటించినట్టు. దాన్ని ఊదా, ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా అని ఐదు గీతలు చేస్తే సరిపోతుంది.

రెండో వరుసలో రెండో ప్రపంచ యుద్ధంవి. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం మూడు సమాన చారలది ఒకటి. ఇసుక రంగు మధ్యలో ఎర్ర చార ఉన్న ఆఫ్రికా స్టార్ ఇంకోటి. ఎనిమిదో సైన్యంవాళ్లకి ఈ రిబ్బన్ మీద 8 అంకె కూడా ఉండేది. మనకి అందులో చుక్క కూడా పట్టదు. విదేశీ పతకాలు వరుస చివర్లో వస్తాయి. నేను ఏడుతో ఆపేశాను.

భుజం మీద ఫీల్డ్ మార్షల్ గుర్తు అంటే పైన కిరీటం, కింద ఆకుల దండలో అడ్డంగా దాటిన రెండు దండాలు. నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నది ఇక్కడే. ఇప్పుడైతే మొండెం పై మూలల్లో ఒక్కో బంగారు రంగు మరక పెట్టి ముందుకి వెళ్లిపోతాను.

చేతి పైభాగాన, నార్మండీ నుంచి ఆయన నడిపిన 21వ ఆర్మీ గ్రూప్ గుర్తు మాత్రం శ్రద్ధగా చేయండి. ఎర్రటి డాలు, దాని మీద నీలం శిలువ, అడ్డంగా దాటిన రెండు బంగారు కత్తులు. రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పులో కూడా ఇది బాగా పలుకుతుంది. ఖాకీ సముద్రంలో కాస్త ఎరుపు తగిలితే బొమ్మకి ప్రాణం వస్తుంది. కత్తుల్ని రెండు సన్నటి పసుపు గీతలుగా గీయండి.

కాళ్లకి రెండు మడత గీతలు చాలు. బ్యాటిల్‌డ్రెస్ ప్యాంటుకి ఎడమ తొడ మీద మ్యాపులు పెట్టుకునే పెద్ద జేబు ఉంటుంది, ఓపిక ఉంటే వేయండి.

మొహం

సన్నటి మొహం, పొడుగు ముక్కు, లోపలికి పోయిన బుగ్గలు, గుచ్చి చూసే లేత రంగు కళ్లు, కత్తిరించిన మీసం. మినీఫిగర్‌కి ముక్కు లేదు కాబట్టి అది మర్చిపోండి. బుగ్గల మీద చెరో వంపు గీత, కళ్ల చివర రెండు ముడతలు పెట్టండి. ఆయన 1887లో పుట్టాడు, 1945 మే నాటికి 57 ఏళ్లు.

మీసం దగ్గర మాత్రం జాగ్రత్త. వెడల్పు నోటి గీతకి సమానంగా ఉండాలి. గోధుమ రంగులో నెరిసిన తెలుపు కలిసిన రంగు వేయండి. అర మిల్లీమీటరు తగ్గించి, నల్లగా చేసి, మధ్యలోకి జరిపారో, ఆయన ఎవరితో యుద్ధం చేశాడో ఆ మనిషి తయారవుతాడు. నవ్వకండి, నా రెండో ప్రయత్నం సరిగ్గా అలాగే వచ్చింది.

ప్రింటు

గీసిన డిజైన్‌ని వాటర్‌స్లైడ్ డెకాల్ పేపర్ మీద ప్రింటు తీయాలి. డెకాల్ అంటే నీళ్లలో తడిపితే కాగితం మీంచి జారి బొమ్మకి అంటుకునే పలచటి స్టిక్కర్. ఆ పేపర్ రెండు రకాలు. పారదర్శకంగా ఉండేది ఒకటి, తెల్లది ఒకటి. మన ప్రింటర్లలో తెల్ల ఇంకు ఉండదు. పారదర్శక కాగితం మీద వేసిన ఎరుపు, ఖాకీ మొండెం మీద అంటించగానే ఇటుక రంగుకి దిగిపోతుంది. అందుకే కోటు గీతలు, జేబులు పారదర్శక కాగితం మీద. రిబ్బన్లు, చేతి గుర్తు, చొక్కా, టై తెల్ల కాగితం మీద. తెల్లదాన్ని కత్తిరించాక అంచు తెల్లగా మెరుస్తుంది. ఆ అంచుకి అదే రంగు మార్కర్‌తో ఒక్కసారి రాస్తే కనపడదు.

ఇంక్‌జెట్‌కి వేరే కాగితం, లేజర్‌కి వేరే కాగితం. ఇంక్‌జెట్ కాగితాన్ని లేజర్ ప్రింటర్‌లో పెడితే లోపలి వేడికి కరిగి డ్రమ్ముకి అంటుకుపోతుంది. జిరాక్స్ షాపుకి వెళ్లేటప్పుడు ప్యాకెట్ కవర్ వెంట తీసుకెళ్లి లేజర్‌కి పనికొస్తుందన్న మాట చూపించండి. లేకపోతే వాళ్లు ప్రింటర్ మీద చెయ్యి వేయనివ్వరు, వాళ్ల భయంలో న్యాయం ఉంది.

ఇంకో మాట. పేజీకి సరిపోయేలా కుదించే ఆప్షన్ తీసేయించండి. ఒకసారి ఒక షాపులో అది అలాగే ఉండిపోయి నా షీటు మొత్తం ఆరు శాతం చిన్నదైంది. ఇంటికొచ్చి అంటించేదాకా తెలియలేదు, ఫీల్డ్ మార్షల్‌కి తమ్ముడి చొక్కా తొడిగినట్టు రెండు పక్కలా ఖాళీ. అప్పటి నుంచి షీటు మూలన సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి పెడుతున్నాను. ముందు మామూలు కాగితం మీద తీయించి, అక్కడే స్కేలుతో ఆ గీత కొలిచి, తర్వాతే డెకాల్ కాగితం ఇస్తాను. డబ్బులు పెట్టి తీసిన షీటు కదా, ఒక్కో డిజైన్ కనీసం ఐదేసి కాపీలు నింపండి. రెండు చిరుగుతాయి, ఒకటి వేలికి అంటుకుపోతుంది.

అంటించడం

మొండెం నుంచి చేతులు తీయాలి. గట్టిగా గుంజితే చంక దగ్గర ప్లాస్టిక్ పగులుతుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, మొండెం పక్కల్ని కొంచెం నొక్కుతూ చేతిని మెల్లగా తిప్పుతూ బయటికి లాగండి. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టండి. మన వేళ్ల జిడ్డు ఒక్క చుక్క ఉన్నా డెకాల్ అక్కడ నిలవదు.

ఇంక్‌జెట్ ప్రింటు అయితే నీళ్లలో ముంచే ముందే షీటు మీద అక్రిలిక్ క్లియర్ స్ప్రే పలచగా రెండు పూతలు కొట్టి ఆరనివ్వాలి, లేకపోతే రంగు నీళ్లలో కలిసిపోతుంది. లేజర్‌కి ఆ భయం తక్కువ.

ముక్కని వీలైనంత అంచు దాకా కత్తిరించి, ట్వీజర్‌తో పట్టి గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచండి. తీసి ఇంకో అర నిమిషం టిష్యూ మీద పెట్టండి. తొందరపడి వేలితో నెట్టకండి. కాగితం మీద డెకాల్ తనంతట తాను జారడం మొదలవుతుంది. అప్పుడు మొండెం మీద ఒక నీటి చుక్క వేసి, తడి బ్రష్‌తో దాన్ని కాగితం మీంచి మొండెం మీదికి జార్చండి. నీరున్నంతసేపు అటూ ఇటూ జరపొచ్చు. టై సరిగ్గా మెడ మధ్యలోకి వచ్చిందో లేదో పైనుంచి చూడండి, ఎదురు నుంచి కాదు. సరిపోయాక టిష్యూ కొసతో మధ్య నుంచి అంచులకి నీరు పీల్చేయండి. బుడగ కనిపిస్తే సన్న సూదితో గుచ్చి నొక్కండి.

చేతి మీది డాలు గుర్తుకి మాత్రం నీళ్లు చాలవు. చెయ్యి గుండ్రంగా ఉంటుంది, డెకాల్ బల్లపరుపు. మైక్రో సోల్ లాంటి మెత్తబరిచే ద్రావణం ఒక్క పూత రాస్తే డెకాల్ ముడతలు పడుతుంది. అప్పుడు గుండె ఆగిపోతుంది. ముట్టుకోకండి. పది నిమిషాల్లో అదే సర్దుకుని ప్లాస్టిక్‌ని అంటిపెట్టుకుంటుంది. నా మొదటి డాలుని ఆ పది నిమిషాల్లోనే కంగారుపడి గోకి పాడుచేశాను.

కోటు గీతలు ముందు, అవి రాత్రంతా ఆరాక వాటి మీద రిబ్బన్లు. ఒకే పూటలో రెండు పొరలు వేస్తే కిందది కదులుతుంది.

రెండు చుక్కలు

ఇప్పుడు టోపీ. దీన్ని ప్రింటుకి వదలకండి, చేత్తోనే చేయండి. బ్రిటిష్ సైన్యంలో బెరేని కుడి చెవి వైపుకి లాగి పెట్టుకుంటారు, బ్యాడ్జీ ఎడమ కన్ను పైన వస్తుంది. బొమ్మ టోపీని కూడా అలాగే వాలేలా తిప్పి, ఎడమ కంటి పైన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకోండి. ఆయన బ్యాడ్జీలు రెండూ ఆ ప్రాంతంలోనే పక్కపక్కన ఉంటాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది మీ ఫొటో చూసి పెట్టండి.

ట్యాంక్ రెజిమెంట్ బ్యాడ్జీ వెండి రంగు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకు, చుట్టూ ఆకుల దండ, పైన కిరీటం. రెండోది బంగారు జరీ పని. దీనికి బ్రష్ కంటే నెయిల్ ఆర్ట్‌కి వాడే చుక్కల పుల్ల బాగా పనిచేస్తుంది. ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. అక్రిలిక్ వెండి రంగు ఒక చుక్క, పక్కనే అర మిల్లీమీటరు ఖాళీ వదిలి బంగారు చుక్క. చుక్క కాస్త ఉబ్బెత్తుగా ఉంటే మంచిది, నిజం బ్యాడ్జీలాగే వెలుతురు పట్టుకుంటుంది. ఆరాక సూది మొనతో బంగారు చుక్కని కొంచెం పొడుగ్గా, వెండి చుక్కని కొంచెం గుండ్రంగా దిద్దండి. రెండూ అచ్చంగా ఒకేలా ఉంటే గుండీల్లా కనిపిస్తాయి. జెల్ పెన్నులు వద్దు, వార్నిష్ తగలగానే పారిపోతాయి.

టోపీ ఒక్కటీ పసుపు తల మీద పెట్టి చూడండి. ఒంటి మీద ఏమీ లేకపోయినా ఆయన్ని గుర్తుపట్టగలిగితే పని అయినట్టే.

వార్నిష్, బల్ల, కుక్కపిల్లలు

మొండేనికి, చేతులకి మెరవని మ్యాట్ అక్రిలిక్ వార్నిష్. ఉన్ని బట్ట మెరవదు కదా. టోపీ మీది చుక్కలకి మెరిసే గ్లాస్ వార్నిష్. స్ప్రే డబ్బాతో చేస్తే వానాకాలం సాయంత్రాలు మానుకోండి, గాలిలో తేమకి పూత మీద పాల మీగడలా తెల్లటి పొర తేలుతుంది. ఎండ తగ్గని పూట, కిటికీ తెరిచి, ముక్కుకి మాస్కు పెట్టుకుని, దూరం నుంచి పలచటి పూతలు రెండు. చేతులు కీలు తిరిగే చోట వార్నిష్ పడనివ్వకండి, తర్వాత బిగుసుకుపోతాయి.

లూనెబర్గ్ దృశ్యానికి ఒక మామూలు బల్ల, దాని మీద తెల్ల కాగితం ముక్క, ఒక సిరా పెన్ను. ఆ సంతకాలకి వాడింది పోస్టాఫీసుల్లో దొరికే రెండు పెన్నీల చవక పెన్ను అని మాంట్‌గొమరీయే తర్వాత చెప్పుకున్నాడు. అగ్గిపుల్ల కొస చెక్కి, నల్ల రంగు వేస్తే అది తయారు.

ఎదురుగా జర్మన్ అధికారుల్ని కూడా పెట్టాలనుకుంటే స్వస్తిక్ గుర్తు లేకుండా చేయండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో దాని బహిరంగ ప్రదర్శన మీద కఠినమైన చట్టాలున్నాయి. పైగా ఆ సైజులో అది లేకపోయినా వాళ్లెవరో తెలిసిపోతుంది. నేను అటువైపు ఖాళీ కుర్చీలు పెట్టి ఊరుకున్నాను.

ఈయన బొమ్మ మన అల్మారాలో ఎందుకు అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉంది. ఎల్ అలమీన్‌లో ఆయన ఎనిమిదో సైన్యంలో 4వ భారతీయ డివిజన్ కూడా ఉంది. కుర్రాడిగా ఆయన మొదటి కొలువు పెషావర్‌లో, తర్వాత క్వెట్టా స్టాఫ్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆయన బడాయి మనిషనీ, 1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ దగ్గర ఆయన పథకం దెబ్బతిందనీ అంటే అదీ నిజమే. కాదని నేనూ అనను.

నార్మండీ దృశ్యం చేసేవాళ్లకి ఒక కొసరు. 1944 జులైలో బ్లే అనే ఊళ్లో ఆయన శిబిరంలో తీసిన ఫొటో ఒకటుంది, రెండు కుక్కపిల్లలతో. ఒకదాని పేరు హిట్లర్, ఇంకోదానికి ఎడారిలో ఆయనతో తలపడిన జర్మన్ సేనాని పేరు, రోమెల్. లెగోలో చిన్న కుక్కపిల్ల ముక్కలు దొరుకుతాయి, రెండు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టండి. అప్పటికి ఆయన ఇంకా ఫీల్డ్ మార్షల్ కాలేదు కాబట్టి భుజాల మీద బంగారు మరక చిన్నది చేయాలి. నా రెండో షీటులో మిగిలిన డెకాల్స్‌తో ఇప్పుడు అదే చేస్తున్నాను. రోమెల్‌కి మచ్చలు వేయడం అయింది, హిట్లర్ ఇంకా ఆరుతోంది.